హెర్టా ముల్లర్ ‘ద ల్యాండ్ ఆఫ్ గ్రీన్ ప్లమ్స్’ నవలలో టెరెజాను ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న: తుంగభద్ర

హెర్టా ముల్లర్ 1994లో జర్మన్ భాషలో వెలువరించిన ఈ నవలను మైఖేల్ హాఫ్‌మన్ చేసిన ఆంగ్లానువాదంలో ఇటీవలే చదివాను. ముగింపును ప్రస్తావించకుండా నా సందేహాన్ని చెప్పడం సాధ్యం కాదు కనుక, ఇంకా చదవనివారు ఈ చర్చను తరువాత చూడవలసిందిగా మనవి.

కథ కమ్యూనిస్టు నియంత చౌషెస్కు పాలనలోని రుమేనియాలో జరుగుతుంది. కథ చెప్పే యువతికి పేరు ఉండదు. ఆమె అక్కడి జర్మన్ అల్పసంఖ్యాక వర్గానికి చెందిన విద్యార్థిని. వసతిగృహంలో ఆమెతో కలిసి ఒకే గదిలో ఉండే లోలా, దేశపు దక్షిణ భాగంలోని కటిక పేద ప్రాంతం నుంచి వచ్చిన అమ్మాయి, ఒకనాడు బట్టల బీరువాలో ఉరికి వేలాడుతూ కనిపిస్తుంది. ఆ ఉరికి వాడిన నడికట్టు కథకురాలిదే. ఆ తరువాత పెద్ద సభామందిరంలో విద్యార్థులనందరినీ కూర్చోబెట్టి, చనిపోయిన ఆ అమ్మాయిని పార్టీ నుంచీ విశ్వవిద్యాలయం నుంచీ బహిష్కరిస్తారు. చేతులన్నీ పైకి లేస్తాయి, చప్పట్లు ఆగవు, ఎందుకంటే ముందుగా ఆపినవారు ఎవరో కనిపెట్టేవాళ్లు ఆ మందిరంలోనే ఉన్నారు. నేను చదివిన నవలల్లో భయాన్ని ఇంత నిశ్శబ్దంగా, ఇంత కచ్చితంగా చూపిన ఘట్టం మరొకటి గుర్తుకు రావడం లేదు.

లోలా రాసుకున్న నోటుపుస్తకం కథకురాలి పెట్టెలో దొరుకుతుంది. ఆ రహస్యమే ఆమెను ఎడ్గర్, కుర్ట్, గెయోర్గ్ అనే ముగ్గురు యువకులకు దగ్గర చేస్తుంది. ఊరి చివర ఒక తోట ఇంట్లో నిషిద్ధ పుస్తకాలను, తమ కవితలను దాచుకున్న ఈ నలుగురిని కెప్టెన్ ప్యేలె అనే గూఢచారి విభాగపు అధికారి చదువు ముగిసి ఉద్యోగాలలో చేరిన తరువాత కూడా వెంటాడుతూనే ఉంటాడు. చివరకు గెయోర్గ్, కుర్ట్ మరణిస్తారు. మిగిలిన ఇద్దరు జర్మనీ చేరుకుంటారు.

నా ఇబ్బంది రెండు చోట్ల ఉన్నది. మొదటిది కథనం. అధ్యాయాలు లేవు, కాలక్రమం తెగిపోతూ ఉంటుంది, పచ్చి ప్లమ్ కాయలు, మల్బరీ చెట్లు, రేకు గొర్రెలు, చెక్క పుచ్చకాయలు మళ్లీ మళ్లీ వస్తాయి. వీటిని విప్పడానికి ఏదైనా తాళంచెవి ఉన్నదా? రెండవది, నన్ను నిజంగా కలతపెట్టినది, టెరెజా. కర్మాగారంలో కథకురాలికి దొరికిన ఏకైక ఆత్మీయురాలు ఆమె. పార్టీలో పలుకుబడి ఉన్న తండ్రికి కూతురై ఉండీ స్నేహితురాలి కాగితాలను దాచిపెట్టే సాహసం చేసిన మనిషి. అదే టెరెజా చంకలోని గడ్డ క్యాన్సర్ అని తెలిసిన తరువాత, ప్యేలె పంపగా, జర్మనీలో ఉన్న స్నేహితురాలి ఇంటికి వస్తుంది. కథకురాలు ఆమెను పంపివేస్తుంది. కొన్ని నెలలకు టెరెజా మరణిస్తుంది. చనిపోబోతున్న స్నేహితురాలిని వాకిట్లోకి నెట్టిన కథకురాలిపై నాకు కోపం వచ్చింది, ఆ కోపం న్యాయమైనదేనా అన్న అనుమానమూ వచ్చింది. ఈ నవలను శ్రద్ధగా చదివినవారు దయచేసి చెప్పండి.


సమాధానం: పాత అచ్చు

తుంగభద్ర గారూ, టెరెజా దగ్గరకు వెళ్లే ముందు ఈ నవల ఏ నేల మీద నిలబడి ఉన్నదో కొంత చెప్పుకోవడం అవసరమనుకుంటున్నాను. తెలియకపోయినా నవల పనిచేస్తుంది, కాని తెలిస్తే మీరు చెప్పిన సభామందిరం వంటి ఘట్టాలు కల్పనలా కాక సాక్ష్యంలా వినిపిస్తాయి.

ముల్లర్ 1953లో, రుమేనియా పశ్చిమ సరిహద్దున ఉన్న బానాత్ ప్రాంతంలో, నిత్స్కిడోర్ఫ్ అనే జర్మన్ మాట్లాడే గ్రామంలో పుట్టారు. ఆమె తండ్రి రెండవ ప్రపంచ యుద్ధకాలంలో హిట్లర్ వాఫెన్ ఎస్ఎస్ దళంలో పనిచేసినవాడు. తల్లిని 1945 జనవరిలో, రుమేనియాలోని వేలాది జర్మన్లతో పాటు, సోవియట్ యూనియన్‌లోని శ్రమశిబిరానికి తరలించారు. ఆమె అక్కడ ఐదేళ్లు గడిపింది. నేరం చేసిన తరం, శిక్ష అనుభవించిన తరం ఒకే ఇంట్లో, ఒకే భోజనపు బల్ల ముందు కూర్చుని, ఏదీ మాట్లాడుకోకుండా బతికిన లోకం అది. నవలలో తోటలోని ముళ్ల మొక్కలను నరికే తండ్రి, శ్మశానాలు చేసి ఇంటికి తిరిగివచ్చిన తండ్రి, అక్కడి నుంచే వచ్చాడు. కనుక కథకురాలు నిర్బంధాన్ని మొదటిసారి చూసింది విశ్వవిద్యాలయంలో కాదు, ఆమె రహస్యాలతో కలిసి జీవించడం ఇంట్లోనే నేర్చుకున్నది.

ముల్లర్ తిమిషోరా విశ్వవిద్యాలయంలో చదివి, 1977 నుంచి ఒక యంత్రాల కర్మాగారంలో అనువాదకురాలిగా పనిచేశారు. అక్కడ రహస్య పోలీసు వ్యవస్థ అయిన సెకురితాతే తమకు సమాచారం చేరవేయమని అడిగింది. ఆమె నిరాకరించారు, ఉద్యోగం పోయింది. 1987లో పశ్చిమ జర్మనీకి వలస వెళ్లారు. ఈ నవలను చౌషెస్కు పాలనలో బలైన తన రుమేనియా మిత్రుల స్మృతిలో రాశానని ఆమే చెప్పారు. గెయోర్గ్ మరణం చదివినప్పుడు, అలాగే 1986లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో కిటికీలోంచి పడి మరణించిన కవి రోల్ఫ్ బోసెర్ట్ గుర్తుకు రాక మానడు.

రెండు చట్టాలను కూడా గుర్తుంచుకోండి. 1966 నాటి 770వ శాసనం, చాలా కొద్ది మినహాయింపులతో, గర్భస్రావాన్ని నేరం చేసింది. జనాభా పెంచడం రాజ్య విధానమైన దేశంలో స్త్రీ గర్భం పోలీసుల వ్యవహారమైంది. వ్యాయామ ఉపాధ్యాయుడి చేతిలో లోలాకు జరిగినదానిని, కడుపులోని బిడ్డ గురించి ఆమె నోటుపుస్తకంలో రాసిన చివరి మాటలను ఈ శాసనం పక్కన పెట్టి చదివితే, ఆ బీరువా తలుపు వెనుక ఎంత మంది నిలబడి ఉన్నారో అర్థమవుతుంది. రెండవది 1983 నాటిది. టైపు యంత్రం ఉన్న ప్రతివారూ దానిని పోలీసుల వద్ద నమోదు చేయించి, దాని అక్షరాల నమూనాను అప్పగించాలి. ఏ కరపత్రం ఏ యంత్రం మీద పుట్టిందో కనిపెట్టడానికి చేసిన ఏర్పాటు అది. నలుగురు విద్యార్థులు కొన్ని కవితలను తోట ఇంట్లో దాచడం మనకు చిన్న విషయంగా తోచవచ్చు. ఆ దేశంలో అది చిన్న విషయం కాదు.

మీరు తాళంచెవి అడిగారు. పచ్చి ప్లమ్ కాయల విషయంలో నాకు తోచినది ఇది. వీధుల్లో కాపలా కాసే భటులు పచ్చి ప్లమ్ కాయలను చెట్టు నుంచి తెంపి, జేబులు నింపుకుని, ఆబగా తింటారు. కథకురాలి తండ్రి మాత్రం పచ్చివి తింటే చస్తావని బిడ్డను బెదిరించినవాడు. పల్లె పేదరికం నుంచి వచ్చి తుపాకీ పట్టుకున్న ఆ కుర్రవాళ్లకు పండేదాకా ఆగే ఓపిక లేదు, తిన్నా చావు రాదు. చావును వాళ్లు ఇతరులకు పంచుతారు. రచయిత్రి ఈ మాట ఎక్కడా చెప్పదు, కాయలను నమిలే నోళ్లను మాత్రమే చూపిస్తుంది.


సమాధానం: వేసవి మధ్యాహ్నం

పై వివరణ నాకు చాలా ఉపయోగపడింది. కాని తాళంచెవి అన్న ఆలోచనతోనే నాకు కొంత పేచీ ఉన్నది. ఈ నవలలో వస్తువులు పొడుపుకథలు కావు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క విడుపు వెతికితే పుస్తకం చేతిలో నుంచి జారిపోతుంది.

నవలలోని ఉత్తరాలను గమనించండి. చదువు ముగించి విడిపోయేటప్పుడు ఆ స్నేహితులు ఒక ఒప్పందానికి వస్తారు. ప్రతి ఉత్తరంలో ఒక వెంట్రుక పెట్టాలి. వెంట్రుక లేకపోతే ఎవరో ఉత్తరం విప్పారని అర్థం. విచారణకు పిలిచారని చెప్పాలంటే వాక్యంలో గోళ్ల కత్తెర రావాలి, ఇంట్లో సోదా జరిగిందంటే చెప్పులో బూట్లో రావాలి, వెంబడిస్తున్నారంటే జలుబు చేసిందని రాయాలి. సంబోధన తరువాత మామూలుగా ఆశ్చర్యార్థకం ఉండాలి, ప్రాణానికే ముప్పు వచ్చిందంటే అక్కడ ఒక కామా మాత్రమే ఉండాలి. ప్రమాదం ఎంత పెద్దదో గుర్తు అంత చిన్నదన్నమాట. నేను ఈ పుట దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

దీని ఫలితం ఏమిటో చూడండి. ఆ క్షణం నుంచి వాళ్ల లోకంలో అమాయకమైన వస్తువు మిగలదు. ఎవరికైనా నిజంగా జలుబు చేస్తే రాయడానికి మాట లేదు. నిజంగా చెప్పులు కొనుక్కుంటే ఆ సంగతి ఉత్తరంలో చెప్పుకోలేరు. నిఘాను ఎదుర్కోవడానికి తయారు చేసుకున్న సంకేతభాష వాళ్ల మామూలు భాషను తినివేస్తుంది. తల్లుల ఉత్తరాలు కూడా ఇలాగే ఉంటాయి. కొడుకు కోసమో కూతురి కోసమో పల్లెలోని ఇంటికి సోదాకు వచ్చి వెళ్లిన తరువాత, ఆ తల్లులు తమ నొప్పుల గురించి రాస్తారు. నొప్పి నిజమైనదే, అందులో నింద కూడా ఉంటుంది, ప్రేమ కూడా ఉంటుంది, మూడింటినీ వేరు చేయడం బిడ్డలకు సాధ్యం కాదు.

అందువల్ల కథనం ముక్కలుగా ఉండటాన్ని నేను శైలీ విన్యాసంగా చూడలేను. పాఠకుడిని ఆ ఉత్తరం అందుకున్న మిత్రుడి స్థానంలో కూర్చోబెట్టారు. ప్రతి వస్తువునూ అనుమానంగా చూడటం, ఇది ఊరికే చెప్పిన మాటా లేక హెచ్చరికా అని తడుముకోవడం, ఆ దేశంలో బతికినవారి దినచర్య. ఆ దినచర్యను వర్ణించడానికి బదులు మన చేత చేయించారు. తుంగభద్ర గారు ఎక్కడ ఇబ్బంది పడ్డారో అక్కడ నవల తన పని తాను చేసిందనే నా అభిప్రాయం. మళ్లీ చదివితే, అర్థం కోసం ఆగకుండా, ఏ వస్తువు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళుతున్నదో మాత్రం గమనించండి. లోలా నడుముకు ఎప్పుడూ లేని నడికట్టు ఆమె మెడకు చేరిన తీరు గమనిస్తే, కథకురాలు జీవితాంతం మోసే అపరాధభావం ఎక్కడ మొదలైందో తెలుస్తుంది.

టెరెజా విషయంలో నేను పూర్తిగా ఆమె వైపే ఉన్నాను. చావు దగ్గరపడిన మనిషి ప్రాణస్నేహితురాలిని ఒకసారి చూడాలనుకున్నది. దేశం దాటడానికి ప్యేలె తప్ప ఆమెకు వేరే దారి లేదు. తనను పంపినది అతడేనని ఆమె దాచలేదు కూడా. ఇంతకంటే నిజాయితీ ఆ పరిస్థితిలో ఎవరి నుంచి ఆశించగలం?


సమాధానం: రేపల్లె రైలు

వేసవి మధ్యాహ్నం గారి చివరి పేరాతో విభేదించవలసి వస్తున్నందుకు మన్నించాలి. ఉత్తరాల గురించి వారు చెప్పినది నాకు అందంగానూ సరైనదిగానూ అనిపించింది. టెరెజా గురించి చెప్పినది మాత్రం నవలలోని ఒక కీలకమైన వాస్తవాన్ని దాటివేసింది.

టెరెజా తనను ప్యేలె పంపాడని చెప్పిన మాట నిజం. అతడికి ఏం చెప్పాలో ఇద్దరం కలిసి నిర్ణయించుకుందామన్న ధోరణిలోనే ఆమె మాట్లాడుతుంది. కథకురాలు ఆ మాటను నమ్ముతుంది, లేదా నమ్మాలని కోరుకుంటుంది. ఆ తరువాతనే టెరెజా సామానులో, కథకురాలి ఇంటి తాళంచెవికి చేయించిన నకలు బయటపడుతుంది. టెరెజా చెప్పిన నిజం ఒకటి, చెప్పనిది ఒకటి. చెప్పిన నిజమే చెప్పనిదానికి ముసుగుగా పనిచేసింది. రేపు ఆ తలుపు తెరుచుకుని లోపలికి ఎవరు వస్తారో టెరెజాకు తెలుసునో లేదో మనకు తెలియదు, కాని గెయోర్గ్ ఎలా పోయాడో తెలిసిన కథకురాలు దానిని ఊహించక తప్పదు. ఇంటి తాళంచెవి ప్యేలె చేతికి వెళ్లబోతున్నదని తెలిసిన తరువాత కూడా స్నేహితురాలిని ఉండనివ్వాలని కోరడం, ప్రాణాలను పణంగా పెట్టమని కోరడమే.

ఇందులో ముల్లర్ సొంత జీవితం ఎంత ఉన్నదో ఆమె తరువాతి కాలంలో దాచకుండా రాశారు. చౌషెస్కు పతనమైన పదేళ్ల తరువాత గాని రుమేనియాలో సెకురితాతే దస్త్రాలను పరిశీలించే సంస్థ ఏర్పడలేదు. 2009లో ముల్లర్ తన దస్త్రం గురించి రాసిన వ్యాసంలో, అది 900 పుటలకు పైగా ఉన్నదని, అందులో తనకు ‘క్రిస్టీనా’ అన్న రహస్యనామం పెట్టారని, కర్మాగారంలో తనను వేధించిన సంగతులు మాత్రం అందులో లేకుండా పోయాయని చెప్పారు. క్యాన్సర్‌తో ఉన్న స్నేహితురాలు జర్మనీకి వచ్చిన సంగతి, తాళంచెవి నకలు సంగతి కూడా ఆ వ్యాసంలో ఉన్నాయి. అంటే టెరెజాకు మూలం ఉన్నది.

అదే 2009లో ఇచ్చిన నోబెల్ ఉపన్యాసంలో ఆమె చెప్పిన మరొక సంగతిని ఇక్కడ తప్పకుండా చేర్చాలి. సమాచారం చేరవేయనని నిరాకరించిన తరువాత కర్మాగారంలో ఆమె గదిని లాక్కున్నారు. ఉద్యోగం మాని వెళ్లిపోతే అదే సాకుగా చూపుతారు కనుక, ఆమె మెట్ల మీద చేతిరుమాలు పరచుకుని, నిఘంటువులు పక్కన పెట్టుకుని అనువాదాలు చేశారు. ఈలోగా ఆమే గూఢచారిణి అన్న పుకారును పుట్టించారు. గూఢచర్యం చేయనన్నందుకే గూఢచారి అన్న ముద్ర పడింది, తోటి ఉద్యోగులు ముఖం తిప్పుకున్నారు. ‘ఇన్ఫార్మర్’ అన్న ఒక్క మాట మనిషిని ఊరి నుంచి ఎలా వెలివేయగలదో తెలుగు పాఠకులకు ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు. అటువంటి కాలంలో పక్కన నిలబడిన స్నేహితురాలు ఎంత విలువైనదో ఆలోచించండి. ఆ విలువ వల్లనే ఆమె ప్యేలెకు ఉపయోగపడింది. అపరిచితురాలి చేతికి తాళంచెవి దొరకదు కదా.


తుంగభద్ర

అందరికీ కృతజ్ఞతలు. తాళంచెవి ఘట్టాన్ని చదివాను గాని, దాని బరువు నాకు సరిగా తెలియలేదని రేపల్లె రైలు గారి సమాధానం చదివాకనే అర్థమైంది. కథకురాలిపై నాకు కలిగిన కోపం ఇప్పుడు లేదు. అయినా ఒక ప్రశ్న మిగిలిపోయింది. తాళంచెవి కనబడిన తరువాత కథకురాలు టెరెజాను ద్వేషించి ఉంటే ఆ ముగింపును సులువుగా అంగీకరించేదాన్ని. ఆమె ద్వేషించలేదు. టెరెజా చావుకు ఆమె ఏడుస్తుంది, ప్రేమ మళ్లీ మొలకెత్తాలని కోరుకుంటుంది. ఇంటికి రానివ్వలేని మనిషిని అంతగా ప్రేమించడం ఎలా సాధ్యం? ఇది రచయిత్రి మన కోసం చేసిన ఉపశమనమా?


సమాధానం: పాత అచ్చు

ఉపశమనం కాదని నేను గట్టిగా చెప్పగలను, ఎందుకంటే ఆ ప్రేమ కథకురాలికి ఏ మేలూ చేయలేదు.

నా మొదటి సమాధానంలో తండ్రి గురించి రాసినదానిని ఇక్కడికి తీసుకురావాలి. యుద్ధంలో మనుషులను చంపి వచ్చి, తాగినప్పుడు హిట్లర్‌ను కీర్తించే పాటలు పాడే తండ్రిని ఆమె బాల్యం నుంచి చూసింది. ఆయన చేసినదానిని ఆమె క్షమించదు, అయినా ఆయన ఆమె తండ్రి. నేరం చేసిన మనిషిని ప్రేమించడం, ఆ ప్రేమ వల్ల నేరం తేలిక కాకపోవడం, నేరం వల్ల ప్రేమ తెగిపోకపోవడం, ఇవన్నీ టెరెజా కంటే చాలా ముందే ఆమెకు అలవాటైన బాధలు. తండ్రిని ఆమె ఎంచుకోలేదు. టెరెజాను ఎంచుకున్నది. తన ఇష్టంతో నమ్మిన మనిషి కనుకనే టెరెజా విషయంలో ఆమె తండ్రి విషయంలో కంటే కఠినంగా ఉండవలసి వచ్చిందని నేను అనుకుంటాను.

కుర్ట్ పనిచేసే కబేళాను కూడా ఈ వెలుగులో చూడండి. అక్కడి కార్మికులు వెచ్చని నెత్తురు తాగుతారు, పేగులూ మాంసమూ దొంగిలించి ఇళ్లకు తీసుకువెళతారు. వాళ్ల పిల్లలకు ఆ తండ్రులంటే గర్వం, పెద్దయ్యాక అలాగే కావాలని కోరిక. ఆకలితో ఉన్న దేశంలో వాళ్లను దొంగలనడానికి నోరు రాదు. కాని ఆ దొంగతనం వల్లనే వాళ్లందరూ అధికారుల గుప్పిట్లో ఉన్నారు, ఒక్కరు కూడా నోరెత్తలేరు. టెరెజా దగ్గర మిగిలిన ఒకే ఒక కోరిక స్నేహితురాలిని చూడటం. ప్యేలె ఆ కోరికనే పట్టుకున్నాడు. మనిషిని లొంగదీసుకోవడానికి ఆ వ్యవస్థ దురాశ కోసం వెతకదు, ఆకలైనా ప్రేమైనా దానికి సరిపోతుంది.


సమాధానం: వేసవి మధ్యాహ్నం

రేపల్లె రైలు గారి వాదనను నేను అంగీకరిస్తున్నాను, టెరెజా నిర్దోషి అన్న నా మాటను వెనక్కు తీసుకోకపోయినా, నిజాయితీ అన్న మాటను తీసుకుంటున్నాను. తుంగభద్ర గారి చివరి ప్రశ్నకు మాత్రం నవల బయట జరిగిన ఒక సంగతి పక్కన పెట్టవలసి ఉన్నది.

ముల్లర్ 2009లో వెలువరించిన నవలకు, సోవియట్ శ్రమశిబిరంలో ఐదేళ్లు గడిపిన కవి ఓస్కర్ పాస్టియోర్ జ్ఞాపకాలే ఆధారం. ఆయన ఆమెకు మిత్రుడు, ఇద్దరూ కలిసి ఆ పుస్తకం రాయాలనుకున్నారు, 2006లో ఆయన మరణించడంతో ఆమె ఒక్కరే పూర్తి చేశారు. 2010లో దస్త్రాలు పరిశీలించినవారు పాస్టియోర్ కూడా ఒకప్పుడు సెకురితాతేకు సమాచారం ఇస్తానని సంతకం చేసినవాడేనని బయటపెట్టారు. జీవితమంతా ఆ వ్యవస్థకు ఎదురు నిలిచిన ముల్లర్‌కు ముందు దిగ్భ్రాంతి, కోపం కలిగాయి, తరువాత ఆయన పట్ల దుఃఖం కలిగిందని ఆమే చెప్పారు. టెరెజాను సృష్టించి అప్పటికి పదహారేళ్లయింది. నవల చివర కథకురాలు ఏ స్థితిలో ఉన్నదో, రచయిత్రి మళ్లీ ఆ స్థితిలోనే నిలబడవలసి వచ్చింది, అది కూడా జవాబు చెప్పడానికి ఆ మనిషి లేనప్పుడు.

టెరెజా కూడా జవాబు చెప్పకుండానే పోయింది. తాళంచెవిని ఎందుకు చేయించావని అడిగే అవకాశం కథకురాలికి మళ్లీ రాలేదు. అడగవలసిన ప్రశ్న మిగిలి ఉన్నంతకాలం ఆ మనిషితో సంబంధమూ మిగిలే ఉంటుంది కనుక, మీరు అడిగిన ప్రేమ సాధ్యమేనని నాకు అనిపిస్తున్నది.